రష్యా రైలు ముచ్చట

“జర మెల్లగ మాట్లాడుండ్రి సార్, మీకు దండం పెడ్త!”

నాగేందర్ పళ్ళు బిగబట్టి అన్నాడు. పక్క సీటు పెద్దాయన వింటేగా! సౌదీలో రియాద్ నుంచి దమ్మాం పోయే రైలెక్కి, నాగేందర్ తెలుగువాడని తెలిసిన దగ్గర్నుంచీ ఒకటే వాగుడు. ఆయన పేరు డాక్టర్ భూషణమట. చదువుకునే రోజుల్లో మాస్కో నుంచి వ్లాడివోస్టాక్ దాకా వారం పాటు రైల్లో పోయాడట. ఆయన గొంతుకి బోగీలో తలలన్నీ ఇటే తిరుగుతున్నాయి.

నాగేందర్‌కి కావలసింది ఎవరి కంటా పడకుండా దమ్మాం చేరడం. పాత కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఆ దేశంలో ఉండనిచ్చే ఇకామా కార్డు లాక్కుని, పైగా పారిపోయాడని కేసు పెట్టాడు. దమ్మాంలో కొత్త కఫీల్ కాగితాలు సరిచేయిస్తానన్నాడు. దారిలో పోలీసులకు దొరికితే మాత్రం దేశం నుంచి గెంటేసేవాళ్ళని ఉంచే తర్హీల్ జైలు, అటునుంచి అటే ఇండియా.

“మా పెట్టెలో ఓ ముసలావిడ ఉండేదయ్యా,” అన్నాడు డాక్టర్. “మొగుణ్ణి సర్కారువాళ్ళే సైబీరియా మంచులోకి తోలేశారు. మళ్ళీ రాలేదు. కొడుకుని అదే సర్కారు యుద్ధానికి పంపింది. వాడూ రాలేదు. అలాంటి మనిషి, ఊరూ పేరూ తెలియని నాకు ఉడకబెట్టిన బంగాళదుంపలు వలిచి పెట్టింది. ఎలా బతికావమ్మా అంటే, పక్కవాళ్ళుంటారు కదా అంది. ఆ దేశం ముక్కలై పదిహేనేళ్ళయింది. చరిత్ర పుస్తకాల్లో అందరూ ఉంటారు గానీ ఈవిడ ఉండదేం?”

“నాకేమెర్క సార్! జరసేపు కండ్లు మూసుకుంట, ఇడిసిపెట్టుండ్రి.”

హుఫూఫ్ స్టేషన్ దాటగానే బోగీ తలుపు తెరుచుకుంది. పోలీసు! ఒక్కొక్క సీటు దగ్గరా ఆగి “ఇకామా, ఇకామా” అంటున్నాడు.

నాగేందర్ చప్పున లేచాడు. డాక్టర్ మోకాళ్ళు అడ్డం పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు.

“జరుగుండ్రి సార్!”

“కూర్చోవయ్యా! ఇప్పుడే కదా బైకాల్ సరస్సు దగ్గరికొచ్చాం!”

ఈ ముసలోడు నిలువునా ముంచిండని నాగేందర్ కూలబడ్డాడు. పోలీసు రానే వచ్చాడు. కుర్రవాడు. చెయ్యి చాపాడు.

డాక్టర్ ఆ చేతిని రెండు చేతులా పట్టుకున్నాడు. “యా వలదీ, నా బిడ్డా!” అంటూ అరబ్బీలో మళ్ళీ మాస్కో నుంచి మొదలుపెట్టాడు. పోలీసు మొదట నవ్వాడు. తర్వాత తల ఊపాడు. “తయ్యిబ్, సరే సరే, ఇకామా...” అని నసిగాడు. “ఇస్తాను నాయనా, ముందు ఆ ముసలమ్మ ఏమందో విను,” అన్నాడు డాక్టర్. చెయ్యి వదిలితే ఒట్టు. అవతలి తలుపు దగ్గర నుంచి రెండో పోలీసు కేకేశాడు. కుర్రవాడు చెయ్యి లాక్కుని, “ఖలాస్, యా దక్తూర్, ఇక చాలు!” అని ఇంచుమించు పరుగెత్తాడు.

నాగేందర్‌కి ఊపిరాడింది. ఇందాకటి నుంచీ కసురుకున్నందుకు సిగ్గేసింది.

“సార్, నా కాడ ఇకామ లేదని మీకు ముందే సమజైందా? నాకోసమే గంత ఒర్రిన్రా?”

డాక్టర్ రుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. పోలీసు వెళ్ళిన తలుపు వైపు ఓసారి తొంగి చూశాడు. మొదటిసారి గొంతు తగ్గించాడు.

“నీకూ లేదా?”