టోపీ కుట్టిన కోటు

"అది వద్దు తల్లీ. టోపీ ఉండేది వద్దు."

రాజాత్తి వెనక్కి తిరిగి చూసింది.

కొట్టు అరుగు మీద ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. మాసిన గడ్డం. భుజం మీద తడిసిన తువాలు. ఆయన్ని ఆమె ఎప్పుడూ చూడలేదు.

అది 1958, కార్తీక మాసం. రాజపాళయంలో నాలుగు రోజులుగా వాన విడవలేదు. పడమటి కొండల మీంచి చలిగాలి కోస్తోంది.

రాజాత్తి భర్త పెరుమాళ్సామి చోళపురం నుంచి రోజూ సైకిలు మీద నూలు మిల్లుకు వస్తాడు. పోయినేడు వానకు తడిసి, నెమ్ము చేసి, నెల రోజులు మంచం పట్టాడు. ఇంకోసారి తడిస్తే మనిషి దక్కడని డాక్టరు చెప్పాడు.

అందుకే ఆమె గురుసామి బట్టల కొట్టుకు వచ్చి, సైకిలు మీద పోయే మొగుడికి వాన కోటు కావాలంది.

గురుసామి అప్పటికే రెండు కోట్లు పరిచాడు. ఒకటి పొడుగాటి రబ్బరు కోటు, మెడ దగ్గర టోపీ కలిపి కుట్టింది. రెండోది పొట్టిది, టోపీ లేదు, చంకల కింద గాలి ఆడేలా తెరిచి ఉంది.

"పెరియవరే, పెద్దాయనా, మళ్లీ వచ్చినారా?" గురుసామి విసుక్కున్నాడు.

ముసలాయన అతని మాట వినిపించుకోలేదు.

"ఆ టోపీ తలకు వేసుకో తల్లీ. నేను నీ వెనక ఉండాను. సైకిలు తొక్కేవాళ్ల మాదిరి తల మాత్రం తిప్పి చూడు."

రాజాత్తి వేసుకుంది. తల తిప్పింది.

"ఏం కనపడతాంది?"

"టోపీ."

"నేను?"

"కనపడలేదు."

"తల తిరుగుతుంది. టోపీ తిరగదు. ఆ పొట్టిదే తీసుకో. చెవులకు తువాలు కట్టుకోమను. గాలి ఆడితే లోపల చెమట పట్టదు. చెమటకు తడిసినా చలి చలేగదా?"

గురుసామి లేచాడు. "రోజూ ఇదే తొందరవు, ఇదే పీకులాట. బేరం చెడగొట్టేదానికే వస్తారు. దిగండి, దిగండి!"

రాజాత్తి రెండు కోట్లనూ తడిమి చూసింది. పొట్టిది వేసుకుంటే మెడ మీద నీళ్లు పడతాయి. డాక్టరు మాటే చెవిలో మోగుతోంది.

"నా మాట విను తల్లీ," అన్నాడు ముసలాయన.

"తాతా, నా మొగుడి ప్రాణం సంగతి నాకు తెలుసు. మీకేం తెలుసు?"

ఆయన అరుగు దిగి, గొడుగైనా లేకుండా వానలోకి నడిచిపోయాడు.

ఆమె టోపీ కోటే కొన్నది.

పెరుమాళ్సామికి అది బాగా నచ్చింది. "లోపల వెచ్చగా ఉంది రాజాత్తి. ఒక్క చుక్క దిగలా," అన్నాడు.

మూడో రోజు నవ్వుతూ ఇంకో మాట కూడా చెప్పాడు.

"మిల్లు మలుపు దగ్గర ఎవరో ముసలాయన. నన్ను చూస్తే చాలు, అడ్డం వచ్చి, 'టోపీ తియ్యి, తిరిగి చూడు' అని అరస్తాడు. పిచ్చాయన మాదిరి ఉండాడు."

రాజాత్తి కొట్టులో జరిగింది చెప్పాలనుకుంది. చెబితే కోటు విప్పేస్తాడేమో, మళ్లీ తడుస్తాడేమో.

చెప్పలేదు.

పదో రోజు సాయంత్రం మలుపులో సైకిలు కుడివైపు తిప్పాడు పెరుమాళ్సామి. వెనక లారీ వస్తోంది.

మదురై ఆసుపత్రిలో ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు.

తెలివి వచ్చినప్పటి నుంచి అతనిది ఒకటే మాట. "తిరిగి చూసినాను రాజాత్తి. నిజంగా చూసినాను. ఏమీ కనపడలా."

ఆమె అతని చెయ్యి పట్టుకుని, కళ్లలోకి చూడలేక గోడ వైపు చూసేది.

రెండు నెలలకు భర్తను ఇంటికి తెచ్చుకుంది. మర్నాడే ఆ ముసలాయన్ని వెతుక్కుంటూ రాజపాళయం వచ్చింది. ఆయన కాళ్ల మీద పడాలి. ఏం చెప్పాలో మాత్రం తెలియదు.

గురుసామి ఆమెను చూసి తల వంచుకుని బట్టలు మడతపెట్టసాగాడు.

పక్కన ఇడ్లీ కొట్టు బొమ్మక్కను అడిగింది.

"వేలుసామినా? ఆయన పోయి రెండు నెలలయిందమ్మా," అంది బొమ్మక్క.



"ఎట్ల పోయినాడక్కా?"

"వానలో నిలబడి నిలబడి జ్వరం తెచ్చుకున్నాడు. సైకిలు మీద టోపీతో ఎవరు కనపడినా అరిచేది. జనం రాళ్లు కూడా విసిరినారు. ఇక్కడే, ఈ అరుగు మీదే పండుకోనుండేది."

బొమ్మక్క కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"మలుపులో ఎవరో లారీ కింద పడినారని విన్నాడు. ఆ ఒక్క రోజే లేవలేకపోయినాడు, ఒళ్లు కాలిపోతా ఉండె. లేచి పోతానని ఒకటే ఏడ్చినాడు. మర్నాడు తెల్లారేసరికి పోయినాడు."



"ఆయన కొడుకు కూడా ఇట్లనే లారీ కింద పడినాడా అక్కా?"

బొమ్మక్క తల అడ్డంగా ఊపింది.

"ఆయనకు పెళ్లే కాలేదమ్మా. ఆరేళ్ల ముందర తళవాయిపురం దగ్గర ఇట్లాంటి కోటే వేసుకున్న ఒక మిల్లు మనిషి లారీ కింద పడి చచ్చిపోయినాడు, ఆ లారీ నడిపింది ఈయనే."