సుగుణన్ మోకాలు

సుగుణన్ మోకాలు ఉన్నట్టుండి పైకి లేచి, మంచం మీదున్న తమలపాకులూ గవ్వలూ ఉన్న పళ్లేన్ని బోర్లా కొట్టింది. గవ్వలన్నీ జ్యోతిష్కుడి ఒళ్లో పడ్డాయి.

"క్షమించండి స్వామీ! నా చేతుల్లో లేదు," అన్నాడు సుగుణన్, పడుకునే దండం పెడుతూ.

సుగుణన్ కొబ్బరిచెట్టు మీంచి పడి నడుం విరగ్గొట్టుకోవడానికి అతని భార్య ప్రసీత జాతకమే కారణమని జ్యోతిష్కుడు అప్పుడే తేల్చాడు. ప్రసీత మొగుడి కాళ్ల దగ్గర కూర్చుని వింటోంది.

జ్యోతిష్కుణ్ణి వెంటబెట్టుకొచ్చిన సుగుణన్ అన్న దివాకరన్ మండిపడ్డాడు.

"నడుం కింద చచ్చిపోయిందన్నావు. మరి ఆ ఎగురుడేంట్రా? నాటకాలా?"

మందుల సంచి సర్దుకుంటున్న నర్సు లిస్సీ తలెత్తింది. "నాటకం కాదు అన్నా. మెదడు చెప్పేది ఆయన నడుం దాటి కిందికి దిగదు. అక్కడ వెన్నుపాములో ఉన్న నరాలకి అడ్డూ అదుపూ పోయింది. చీమ కుట్టినా చాలు, మెదడుని అడక్కుండా కండరాన్ని లాగేస్తాయి. కాలు లేచిందని కళ్లతో చూస్తేగాని ఆయనకి తెలీదు."

"అంటే వీడి కాలు వీడి మాట వినదా?"

"మీరు వింటారా ఎవరి మాటైనా?"

దివాకరన్ విసవిసా వెళ్లిపోయాడు.

ఓణం పండగ కాగానే మళ్లీ వచ్చాడు. ఈసారి ఒంటరిగా. ఇల్లు తన పేర రాస్తే తమ్ముణ్ణి ఆశ్రమంలో చేరుస్తాడట. ప్రసీత పుట్టింటికి పోవచ్చట. కాళ్ల దగ్గరున్న ప్రసీతకి వినపడకూడదని సుగుణన్ మీదికి వంగి గొంతు తగ్గించాడు.

"దాన్ని ఎన్నాళ్లు నమ్ముకుంటావురా? వయసులో ఉంది. ఇవాళ కాకపోతే రేపు ఎవడితోనో..."

మోకాలు లేచి ముక్కు మీద ఠపీమని తగిలింది.

"ఛీ! ఈ గడప మళ్లీ తొక్కితే నా పేరు దివాకరన్ కాదు!" పంచె చెంగుతో నెత్తురు అదుముకుంటూ పారిపోయాడు.

సుగుణన్ భార్య వైపు తల తిప్పి మెల్లగా అన్నాడు.

"నిజం చెప్పనా? సరే అనేద్దామనుకున్నా. నువ్వైనా సుఖంగా బతుకుతావని. ఈ పాడు కాలు నాకంటే ముందే జవాబు చెప్పేసింది."

"బంగారంలాంటి కాలు," అంది ప్రసీత, అతని పాదం మీది దుప్పటి కిందనుంచి పిన్నీసు తీసి గాజుకి తగిలించుకుంటూ.