బావిలో పిల్ల

కాంట్రాక్టరుకు అరికాలి మంట నెత్తికెక్కింది.

పొక్లెయిన్ తెల్లారకముందే వచ్చి లైబ్రరీ గేటు ముందు నిలబడి ఉంది. కేబిన్ ఖాళీ. నడపాల్సిన ఆపరేటర్ జాడ లేదు, తాళం చెవీ లేదు. కోర్టు తెరిచేలోపు బిల్డింగు నేలమట్టం కావాలి. లైబ్రేరియన్ అప్పుడే లాయరును వెంటబెట్టుకుని స్టే కోసం పరిగెత్తాడు. గోడలు నిలబడి ఉంటే స్టే వస్తుంది, ఈ స్థలంలో కట్టాల్సిన షాపుల కాంట్రాక్టు చేజారిపోతుంది. కూలిపోయిన దానికి స్టే ఎవరిస్తారు?

మెషిన్ ఓనరుకు ఫోన్ కొట్టాడు.

“మా ఆపరేటర్ పొద్దున్నే వచ్చేశారండీ,” అన్నాడు ఓనరు.

“వచ్చి ఎక్కడ చచ్చాడు?” అని అరిచి, జవాబు వినకుండానే పెట్టేశాడు. అవతలివాళ్ళ మాట వినే అలవాటు ఆయనకు పుట్టిన దగ్గర్నుంచీ లేదు. తన మనుషుల్ని టీకొట్లన్నీ గాలించమని తోలాడు.

గోరుచుట్టు మీద రోకటిపోటులా లోపల ఒకావిడ తిష్ట వేసింది. ముప్ఫై దాటిన మనిషి. పొడుగు చేతుల చొక్కా, మోచేతి దగ్గర నూనె మరక. వంటింట్లోంచి చేతులైనా కడుక్కోకుండా లేచొచ్చి ఉంటుందనుకున్నాడు. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, అట్ట ఊడిన నవల ఒకటి చదువుతోంది. అలమారాల్లో పుస్తకాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటిని మోసుకెళ్ళడానికి కూడా ఎవరూ వ్యవధి ఇవ్వలేదు. మట్టితో కలిపి ఎత్తిపోయించేద్దామనుకున్న మనుషులకు సిగ్గెక్కడిది?

“అమ్మా, లేవండి. బిల్డింగు పడగొడుతున్నాం.”

“తెలుసు,” అందావిడ తలెత్తకుండా. “నేనిక్కడ కూర్చునుంటే ఎలా పడగొడతారు?”

“మీకు పనీపాటా లేదా?”

“ఉంది. ఇది పూర్తయ్యాకే.”

రెక్క పట్టుకుని ఈడ్చి పారేద్దామన్నంత కోపం వచ్చింది. కానీ గేటు బయట జనం ఫోన్లు ఎత్తి పట్టుకుని వీడియోలు తీస్తున్నారు. ఉద్యోగాల పరీక్షలకు ఇక్కడే చదువుకునేవాళ్ళు, రోజూ పేపరు కోసం వచ్చే ముసలాళ్ళు, పిల్లల్ని చంకనేసుకున్న తల్లులు. ఒక్కొక్కరి కళ్ళల్లో నిప్పులు. ఆడమనిషి మీద చెయ్యి పడిందంటే తన ఎముకలు తను ఏరుకోవాల్సిందే.

మళ్ళీ ఓనరుకు ఫోన్ చేశాడు. ఆపరేటర్ ఫోన్ ఆపేసి ఉందని ఓనరు నసిగాడు. ఇంకేదో చెప్పబోతుంటే, నీ మెషిన్ని ఈ జన్మలో పిలవనని తిట్టి పెట్టేశాడు. టీకొట్లకు పోయినవాళ్ళు తలా రెండు టీలు తాగి తిరిగొచ్చారు. ఆపరేటర్ మాత్రం దొరకలేదు.

ఇక లాభం లేదని లోపలికెళ్ళి, ఆవిడ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పిలుపు కూడా మార్చాడు.

“చూడు చెల్లెమ్మా, ఆ పుస్తకం పట్టుకెళ్ళిపో. ఇంట్లో తీరిగ్గా చదువుకో. కావాలంటే అలమారా మొత్తం పట్టుకుపో.”

ఆవిడ పుస్తకంలో వేలు పెట్టి మూసింది. మొదటిసారి ఆయన కళ్ళల్లోకి చూసింది. ఆయన కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు.

“నాకు పన్నెండేళ్ళప్పుడు మా ఊళ్ళో లైబ్రరీ కూల్చేశారు. అప్పుడు నేను ఇదే పుస్తకం సగంలో ఉన్నాను. ఇందులో పిల్ల బావిలో పడిపోయింది. పైనుంచి ఎవరో తాడు వేస్తున్నారు. అక్కడ ఆగిపోయింది. కొనుక్కునే స్తోమతు లేదు, అడిగితే ఇచ్చేవాళ్ళు లేరు. ఇరవై ఏళ్ళు దాటిపోయింది, నా బుర్రలో ఆ పిల్ల ఇంకా బావిలోనే ఉంది. ఆ రోజు గోడలు పడుతుంటే ఏడుస్తూ నిలబడ్డాను తప్ప ఏమీ చెయ్యలేకపోయాను.”

ఆవిడ కోపంగా పుస్తకం అట్టలేని మొదటి పేజీ మీద అరచేత్తో చరిచింది.

“ఇప్పుడు నా కూతురికి పుస్తకాలు నేను కొనిపెట్టగలను. కొనలేనివాళ్ళ పిల్లలు ఎక్కడికి పోవాలి? మీ షాపుల్లోకా?”

కాంట్రాక్టరు కుర్చీ తోసేసి లేచాడు.

“నీతులు తర్వాత చెబుదువుగాని. ఆ ఆపరేటర్ వెధవని రానీ. వాడు మెషిన్ స్టార్ట్ చేస్తే నువ్వే పరిగెత్తుకొస్తావు.”

“వాడు రాడు లెండి,” అని ఆవిడ పేజీ తిప్పింది.

ఆవిడ నోటి చలవో ఏమో, అన్నంత పనీ అయింది. కోర్టు తెరిచింది. కాసేపటికి స్టే ఆర్డరు పట్టుకుని లైబ్రేరియన్ చెమటలు కక్కుకుంటూ ఆటో దిగాడు. జనం ఈలలు వేశారు. ఆ కాగితాన్ని కాంట్రాక్టరు తిరగేసి మరగేసి రెండుసార్లు చదివాడు.

లైబ్రేరియన్ లోపలికి తొంగి చూశాడు. “ఆ కూర్చున్నావిడ ఎవరండీ?”

“మీ మెంబరేగా! పొద్దుట్నుంచీ నన్ను చంపుకు తింటోంది.”

“మా మెంబర్లందరూ నాకు తెలుసు. ఈవిణ్ణి ఎప్పుడూ చూడలేదే. మీ మనిషేమో అనుకున్నాను.”

కాంట్రాక్టరుకు ఆ మాట చెవికెక్కలేదు. పోయిన కాంట్రాక్టుకు ఎవడో ఒకడు బలి కావాలి. ఓనరుకు ఫోన్ చేశాడు. ఆ తాగుబోతు వెధవ ఎక్కడ పడి ఉన్నాడో చెప్పమన్నాడు. వాడి తాతతండ్రులందర్నీ పేరుపేరునా తిట్టి, ఊపిరి తీసుకోవడానికి ఆగాడు.

ఆ సందులో ఓనరు అందుకున్నాడు: “నన్ను చెప్పనిస్తే కదండీ, మా ఆపరేటర్ ఆడమనిషి, లోపల ఎవరూ లేరని చూసుకుని పడగొడతానని పొద్దున్నే ఆ లైబ్రరీలోకే వెళ్ళారు.”