ఓనరుగారి కాళ్లు

“కాళ్లు లాగేస్తున్నాయి మేడమ్. ఒక్క స్టూలు ఇప్పించండి” అని బతిమాలాడు బట్టల షాపు ఓనరు. బతిమాలింది తన కుర్చీలోనే దర్జాగా కూర్చున్న మీటరక్కని!

మీటరక్క అక్కడ సేల్స్‌గర్ల్. టేపు ముట్టకుండా కంటిచూపుతోనే గుడ్డ కొలిచేస్తుందని తోటివాళ్లు పెట్టిన పేరది. ఇరవయ్యేళ్లుగా నిలబడే అమ్ముతోంది.

ఇదంతా ఓనరు కూతురు పెట్టిన ఆట. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నాన్న సేల్స్‌గర్ల్, మీటరక్క ఓనరు. చెప్తే వినే ఘటం కాదాయన. షాపులోని ఎనిమిదిమంది ఆడవాళ్లూ స్టూళ్లు అడిగినప్పుడల్లా కొట్టిపారేసేవాడు. ఆటలోనైనా మీటరక్క “సరే” అంటే, ఆ మాట పట్టుకుని నాన్నని ఒప్పించొచ్చని ఆ పిల్ల ఎత్తు.

మీటరక్క కళ్లజోడు ముక్కు మీదికి జార్చింది, అచ్చం ఓనరులాగే.

“స్టూలా? కూర్చుంటే కునుకొస్తుందయ్యా. ముందా పై అరలో గుడ్డ తాను దింపు.”

కూతురు తల పట్టుకుంది.

మధ్యాహ్నం ఆయన మళ్లీ అడిగాడు. “చూద్దాంలే” అంది మీటరక్క. నాలుగింటికి చేతులు జోడించాడు. “గిరాకీ వేళ గొడవేంటయ్యా?” అంది. పాపం, గోడకి ఆనుకోబోతే, “సున్నం అంటుతుంది, జరుగు” అంది. మిగతా ఆడవాళ్లు తానుల చాటున నవ్వాపుకోలేక చచ్చారు.

కూతురికి మాత్రం ఒళ్లు మండిపోయింది. మీటరక్కని పక్కకి లాగింది.

“ఏంటక్కా ఇది? మీ కోసమే కదా ఇన్ని తంటాలు పడ్డాను! ఒక్కసారి సరే అంటే నీ సొమ్మేం పోయింది?”

మీటరక్క కళ్లజోడు సర్దుకుని, మళ్లీ వెళ్లి ఓనరు కుర్చీలో కూర్చుంది.

ఆరింటికి ఆట ముగిసింది. ఓనరు చెప్పులు విడిచి, కౌంటరు వెనక నేల మీదే చతికిలబడ్డాడు. పాదాలు వాచిపోయాయి. కూతురు కోపమంతా మరిచిపోయి, ఆయన కాళ్లు ఒళ్లో పెట్టుకుని పిసకసాగింది.

“ఫర్నిచర్ షాపుకి ఫోన్ కొట్టవే తల్లీ” అని మూలిగాడాయన. “పొద్దున షాపు తెరిచేసరికి ఎనిమిది స్టూళ్లుండాలి. మెత్తటివి చూడు. ఇరవయ్యేళ్లు ఎలా నిలబడ్డారే వీళ్లు!”

మీటరక్క కళ్లు తుడుచుకుంటూ వచ్చి, వేణ్నీళ్ల బకెట్ ఆయన ముందు పెట్టింది. కూతురి చెవి దగ్గరికి వంగింది.

“పొద్దున్నే నేను సరే అనుంటే, ఆ స్టూలు మీద హాయిగా ఆయనే కూర్చునేవారు కదమ్మా!”