ఉన్నది ఉన్నట్టు

"ఆపండి! ఆ తలుపుకి తాళం ఎవడు పెట్టమన్నాడు?"

సూపర్‌వైజరు కుర్చీలోంచి దిగ్గున లేచాడు.

ఒకప్పుడు తగలబడిపోయిన దారం మిల్లుని సెట్టు వేసి, ఆనాటి ఘోరాన్ని సినిమాగా తీస్తున్నారు. ఆ మిల్లుకి సూపర్‌వైజరు ఈయనే. ఆడకూలీల్ని లోపల పెట్టి తాళం వేశాడని అప్పట్లో ఒకటే గుసగుసలు. "తాళమే లేదు. తలుపు దగ్గర తోసుకుని చచ్చారు. నేనసలు ఆ రోజు ఊళ్లోనే లేను" అని ఒట్టేసి బయటపడ్డాడు. ఇప్పుడు సినిమాలో ఆ తాళం కనబడిందా, పరువు గంగలో కలిసినట్టే! అందుకే తప్పొప్పులు చెబుతానంటూ పిలవకుండానే వచ్చి తిష్ఠ వేశాడు.

"తీసేయండయ్యా" అంది డైరెక్టరమ్మ వెంటనే. "బాబాయ్‌గారు చెప్పాక ఇంకేముంది?"

ఇంత తేలిగ్గా ఒప్పుకుందేంటి? ఈ పిల్ల మనసులో ఏదో ఉంది. సూపర్‌వైజరు కళ్లు చికిలించి చూశాడు.

"కిటికీలకి ఆకుపచ్చ కాదు, నీలం" అన్నాడు, పరీక్ష పెడుతున్నట్టు.

"నీలం వేయండి."

"గడియారం ఉండాల్సింది ఆ గోడకి కాదు."

"మార్చండి. మీరే లేకపోతే మా సినిమా ఏమైపోయేదో బాబాయ్‌గారూ!"

మనిషి కాస్త మెత్తబడ్డాడు. టీ తెప్పించుకున్నాడు. బుట్టలు బాగాలేవన్నాడు, దారపు కండెలు చిన్నవన్నాడు, ఆడవాళ్లు తలగుడ్డ కట్టుకునేది అలా కాదన్నాడు. ఎంత చెబితే అంత! పెళ్లింట్లో పెద్దమనిషిలా కాలు మీద కాలు వేసుకున్నాడు.

"ఇది ఉత్త రిహార్సలే బాబాయ్‌గారూ. తప్పుంటే మొహమాటపడకుండా చెప్పేయండి" అంది డైరెక్టరమ్మ.

పొగ వదిలారు. ఆడవాళ్లు దగ్గుతూ, ఒకరి మీద ఒకరు పడుతూ తలుపు దాకా వచ్చారు.

"కాపాడండి! ఎవరైనా కాపాడండి!"

"అబ్బబ్బ, తప్పు!" సూపర్‌వైజరు విసుక్కుంటూ లేచాడు. "ఆ మాట ఒక్కతీ అనలేదమ్మా. 'తాళం తియ్యండి సారూ, మీ కాళ్లు పట్టుకుంటాం' అనే అరిచారు. గొంతు ఆగిపోయేదాకా అదే మాట!"

ఈసారి ఎవరూ 'మార్చండి' అనలేదు.

"కట్!" అంది డైరెక్టరమ్మ.

అప్పుడు చూశాడాయన. కెమెరా తలుపు వైపు లేదు, తన మొహం మీదే ఉంది.