బోణీ ఫోటో

కొత్త కెమెరా చేతిలోకి తీసుకోగానే, ఇందులో ఏదో తక్కువైందే అనుకున్నాడు సైఫుల్లా. పాతదాని బరువులో సగం కూడా లేదు. ఇన్నేళ్లూ ఇటుకరాయిలాంటి కెమెరాను తగిలించుకుని పెళ్లిళ్లు తిరిగి, మెడ పట్టేసిన మనిషి. ఇంత తేలికైనదాన్ని చూసి జనం ఆటబొమ్మ అనుకోరు కదా అని దిగులు కూడా పడ్డాడు.

కుందుర్పి బస్టాండుకు ఎదురుగానే అతని స్టూడియో. బోణీకి ఎవరొస్తారా అని గుమ్మంలో నిలబడి చూస్తుంటే గోవిందప్ప వచ్చాడు. సైఫుల్లాకు ప్రాణం ఉసూరుమంది. కొత్త కెమెరాకు బోణీ అంటే ఏ పెళ్లికూతురో, ఉయ్యాల్లో పసిబిడ్డో రావాలి. ఈయన చూస్తే, వానలు ఎగ్గొట్టి, శెనక్కాయ పంట మాడిపోయి, బోరు ఎండి, చివరికి ఎద్దుల్ని కూడా సంతకు తోలేసుకున్న రైతు. మొహంలో రక్తం చుక్క లేదు.

గోవిందప్ప వచ్చిన పని చెప్పాడు. బెంగళూరులో అపార్టుమెంట్లు కట్టే పనికి శ్రీరంగప్ప మేస్త్రీ మనుషుల్ని తీసుకుపోతున్నాడు. మేస్త్రీ ఇప్పుడు ఊళ్లు తిరగడం మానేశాడు. ఫోన్‌కు ఫోటో పంపితే చూసి ఏరుకుంటాడు, సంతలో గొడ్డు పళ్లు చూసి బేరమాడినట్టే. పోయిన నెల గోవిందప్ప ఫోటో చూసి, ముసలివాళ్లు వద్దని ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఈసారి కూడా వద్దంటే ఇంట్లో పొయ్యి వెలిగే దారి లేదు.

"ఆ ఫోటో తీసింది నువ్వే గదప్పా," అన్నాడు గోవిందప్ప. "దాంట్లో నేను మా నాయన మాదిరి ఉండా. కొత్త కెమెరా తెచ్చినావంట గదా. దీంతోనన్నా రొంత వయసు తగ్గించు."

సైఫుల్లాకు పౌరుషం వచ్చింది. తనకు మామ వరసయ్యే గోవిందప్పను స్టూలు మీద కూర్చోబెట్టి, లైటు వేసి, కెమెరా ఎత్తాడు. తెర మీద ఫోకస్ చూపే చిన్న పచ్చరంగు గడి ఒకటి దానంతటదే వచ్చి ఆయన కంటిమీద వాలింది. ఆయన తల తిప్పితే అదీ తిరిగింది. రెప్ప వేసినా వదల్లేదు. అబ్బా, ఏం పనితనం! పాతదానితోనైతే కదలొద్దు మామా, ఊపిరి బిగబట్టు మామా అని అరిచి అరిచి గొంతు పోయేది. నొక్కితే చప్పుడు కూడా కాలేదు. ఫోటో అయిపోయిందని చెప్పినా నమ్మక, గోవిందప్ప ఇంకా బిగుసుకునే కూర్చున్నాడు.

అసలు విద్య కెమెరా లోపల ఉంది. చర్మాన్ని నున్నగా చేసే మోడ్ అది. కొంచెం పెంచితే నుదుటి గీతలు మాయమయ్యాయి. చివరిదాకా పెంచితే కళ్లకింది ముడతలు, బుగ్గల మీది మడతలు అన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. తలకూ మీసానికీ మాత్రం సైఫుల్లానే కంప్యూటర్లో కూర్చుని నలుపు పూశాడు.

గోవిందప్ప ఆ ఫోటోను చాలాసేపు చూశాడు. పెండ్లినాడు కూడా తాను ఇంత బాగా లేనన్నాడు. ఆ మాటకు సైఫుల్లాకు కడుపు నిండిపోయింది. బోణీ ఊరికే చేస్తే అచ్చిరాదని ఒక్క రూపాయి మాత్రం అడిగి తీసుకుని కళ్లకద్దుకున్నాడు.

పొద్దు గూకేలోగా మేస్త్రీ రమ్మని ఫోన్ చేశాడు. వారం తిరక్కుండా గోవిందప్ప బెంగళూరు నుంచి మాట్లాడాడు. కూలీల ఆధార్ కార్డులన్నీ మేస్త్రీయే తీసి పెట్టుకున్నాడట. గేటు పాసు మీద సైఫుల్లా తీసిన ఫోటోనే అంటించారట. అది చూసి వాచ్‌మన్ లోపలికి వదులుతుంటే తాను దొరబాబైనట్టు ఉందని నవ్వాడు.

ఇక చూడాలి సైఫుల్లా వైభోగం. బెళుగుప్ప నుంచి కూడా బస్సెక్కి వచ్చారు. నెరిసిన తలలన్నీ అతని గుమ్మం ముందే. బయ్యన్న అనే ఆయనైతే మాట్లాడకుండా స్టూలెక్కి కూర్చుని, గోవిందప్పకు తీసినట్టు తీయమన్నాడు. పాత కెమెరా మూలన పడింది. తాను ఒక్కో మొహం నున్నగా చేస్తుంటే ఒక్కో ఇంట్లో అన్నం ఉడుకుతోందని సైఫుల్లా నిజంగానే పొంగిపోయాడు.

ఒక మధ్యాహ్నం గోవిందప్ప భార్య తిప్పమ్మ వచ్చింది. బెంగళూరు బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది, జుట్టంతా దుమ్ము. మంచినీళ్లిస్తే పక్కన పెట్టేసింది. కొంగుముడి విప్పి ఆ ఫోటోనే తీసి బల్లమీద పెట్టింది.

"దీన్ని మళ్లా ముసలోన్ని చెయ్యి సైఫుల్లా. తీసేసిన గీతలన్నీ పెట్టు. తెల్ల ఎంటికలు పెట్టు."

సైఫుల్లాకు నవ్వాగలేదు. కొత్త కెమెరా కొన్నాక ఇలాంటి బేరం ఒక్కటీ తగల్లేదు. అందులోనూ అత్త వరస. ఊరికే వదులుతాడా?

"ఏమత్తా, మామ సోగ్గాడైపోయినాడు, ఎవరన్నా ఎత్తుకపోతారని భయమా?"

తిప్పమ్మ నవ్వలేదు, తిట్టనూ లేదు. సాయంత్రం బస్సుకే తిరిగి పోవాలి, తొందరగా కానిమ్మంది. సైఫుల్లా కంప్యూటర్ ముందు కూర్చుని నుదుటి మీద ఒక్కో గీతే గీస్తూ, వేళాకోళం మాత్రం ఆపలేదు. వద్దు వద్దన్న ముసలితనం ఇప్పుడెందుకు ముద్దొచ్చిందో చెబితే తప్ప తెల్ల వెంట్రుకలు పెట్టనన్నాడు.

"మిద్దె మీంచి పడి సచ్చిపోయిన ముసలోడు, పాసులో ఉండే ఈ మనిషి కాదంట, శవాన్ని నాకిచ్చేది లేదంటాండారప్పా," అంది తిప్పమ్మ.