అంచు విరిగిన మూత

తీగ రింగు పైకి లేపగానే తెర మళ్లీ చిరిగిపోయింది.

"ఇక చాలు మేడమ్," అంది కుర్రావిడ. "నా వ్యాసం వెనక్కి తీసుకుంటున్నానని ఆ సైన్సు పత్రికకు సాయంత్రం మెయిల్ పెట్టేస్తాను."

"పెడుదువుగానిలే. ముందు గిన్నె కడుగు," అంది పెద్దావిడ.

ఎవరూ పేర్చకుండా అణువులు తమంతట తామే వరస కట్టి పదార్థంగా మారడం ఎలాగన్నదాని మీదే పెద్దావిడ ఉద్యోగమంతా గడిచింది. ఆ రంగంలో ఆవిడ మాటకు తిరుగులేదు. కుర్రావిడది వేరే ఊరి ల్యాబు. నీటి మీద ఒక చుక్క వేసి మూత పెడితే అణువులు అల్లుకుని, పైకెత్తినా చిరగని తెర అవుతుందని ఆమె రాసింది. మరెవరు చేసినా తెర నిలవలేదు. అంతా బొంకేనన్నవాళ్లూ ఉన్నారు. అప్పుడు పెద్దావిడే కబురు పెట్టి, తన ల్యాబులో చేసి చూద్దాం రమ్మంది. వారం నుంచీ ఇద్దరికీ అదే లోకం.

ఫోన్ మోగింది. పెద్దావిడ భర్త.

"భోజనానికైనా వస్తావా, ఆ గిన్నెకే కాపలా కాస్తావా?"

"మీరు తినేయండి."

"ఊరుకుంటే నీకు పోయేదేముంది చెప్పు?"

"ఊరుకుంటే నిద్ర పట్టదండీ," అని పెట్టేసింది.

కుర్రావిడ గిన్నె తుడుస్తూ, "ఇక్కడికి రావాలంటేనే భయపడ్డాను మేడమ్. తీరా చూస్తే నాకంటే మీకే పట్టుదల ఎక్కువ," అంది.

"అది పుట్టుకతో వచ్చింది, మా అత్తగారినడుగు. సరే, ఈసారి వ్యాసంలో రాసినట్టు కాదు, మీ ల్యాబులో ఎలా చేశావో అలా చెయ్యి."

కుర్రావిడ చుక్క వేసి, మూత పెట్టి, దాన్ని కాస్త తిప్పింది.

"ఎందుకు తిప్పావ్?"

"అలవాటు మేడమ్. అక్కడి మూతకు అంచు విరిగింది. ఎవరైనా చూస్తే బాగోదని విరిగినవైపు గోడకు తిప్పేదాన్ని."

"మరి రాయలేదేం?"

"విరిగిన మూత వాడామని ఎలా రాస్తాం మేడమ్? పరువు పోదూ?"

పెద్దావిడ పకపకా నవ్వింది. నవ్వుతూనే మూత తీసి, పట్టకారుతో అంచు పుటుక్కున విరిచేసింది.

"అయ్యో, కొత్తది మేడమ్."

"మూత బిగిస్తే ఆవిరి లోపలే ఉండిపోతుంది. తీసేస్తే ఒక్కసారిగా పోతుంది. ఆ కాస్త సందులోంచి మెల్లగా పోతేనే అణువులకు సర్దుకునే తీరిక. మళ్లీ చుక్క వెయ్యి. వేసి రా, టీ తాగొద్దాం."

తిరిగొచ్చాక రింగును కుర్రావిడ చేతికే ఇచ్చింది. ఆమె మెల్లగా పైకెత్తింది. తెర లేచింది. నిలువుగా తిప్పినా, ఊదినా చిరగలేదు. కుర్రావిడ కుర్చీలో కూలబడి ఏడ్చేసింది. పెద్దావిడ రింగును కిటికీ వెలుగులో పట్టుకుని, చంటిబిడ్డను చూసినట్టు మురిసిపోతూ చూసుకుంది.

"ఇప్పుడు పెట్టు మెయిల్. వెనక్కి తీసుకోవడం లేదని రాయి. మూత సంగతీ రాయి."

తరవాత భర్తకు ఫోన్ చేసింది.

"నిలబడిందండీ."

"నీకు సంతోషమేనా?"

"ఇంత సంతోషం ఎప్పుడూ లేదు. ఆకలి కూడా దంచేస్తోంది. వడ్డించండి, వచ్చేస్తున్నా."

అలాంటి తెర అసాధ్యమని నిరూపించడం వల్లే ఆవిడకు అంత పేరు వచ్చింది.